ఇటుకరాతికి పేరు పెట్టిన వైద్యుడు

మలబారు సీమకు బోయినవారు అచ్చటి పాత యిండ్ల గోడలను జూచి యాశ్చర్యపడుదురు. అవి ఎఱ్ఱనై, చీమలపుట్టవలె బెజ్జములతో నిండిన రాతితో కట్టినవి. ఈ రాయి నేలలో నున్నంతకాలము గొడ్డలికి లొంగును. పైకిదీసి గాలికి నెండకు బెట్టినచో ఇటుకవలె గట్టిపడును. దీనిని శాస్త్రలోకమునకు ఎఱుకపఱచిన ఫ్రాన్సిసు బుకానను చరిత్రము మా విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1762లో స్కాట్లండునందు జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య ముగించి, 1794లో బంగాళా వైద్యశాఖలో ప్రవేశించెను. టిప్పుసుల్తాను 1799లో మరణించిన పిదప, గవర్నరు జనరలగు వెల్లెస్లీ ఈయనను మైసూరు, కన్నడ, మలబారు సీమల స్థితిగతులు విచారించుటకై 1800లో పంపెను. పైరులు, పశువులు, చేతిపనులు అన్నియు గనిపెట్టుచు పయనించి, ఆ సంవత్సరము డిసెంబరులో అంగాడిపురము చేరెను. అచ్చట రాయి కొట్టువారి పనిని శ్రద్ధతో బరిశీలించెను. ఆ ప్రాంతపు భాషలలో దానిని ఇటుకరాయి యనుచుండిరి. లాటిను భాషలో ఇటుకకు గల మాటనుబట్టి ఈయన దానికి లాటరైటు అని పేరిడి, 1807లో లండనున అచ్చయిన తన మూడు సంపుటముల యాత్రాగ్రంథమున బ్రకటించెను. పేరు లాటినుదైనను భావము రాయి కొట్టువారిదే. వారినుండి నేర్చుకొనుట కీ పండితుడు సిగ్గుపడలేదు గదా యని మాకు ముచ్చట గలుగును.

ఆ రాయి యెట్లు పుట్టినదో తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. వేడిదేశములలో వాననీరు రాతిలోని సందులలో దిగి, సిలికా మొదలగువానిని కరగించి కొనిపోవును. ఇనుము, అల్యూమినియముల తుప్పు మిగులును. కరగిపోయిన పదార్థముండిన చోట్లు బెజ్జములగును. బెజ్జములు పెరిగినకొలది నీరింకను లోతునకు దిగును. పైన బడిన వాన చాలవఱకు లోనికింకుటచే, గట్టిపడిన లాటరైటు కప్పుగల గుట్టలపై వాగులు కోయుట తక్కువ. కావున వాని తలలు బల్లపరుపుగా నిలుచును. అయితే ఇంకిన నీరు అడుగునగల మెత్తని మట్టిని అంచులయొద్ద గొట్టుకొనిపోగా, పైకప్పు పెద్ద పెద్ద తునుకలై విరిగిపడును. మన జహీరాబాదు, వికారాబాదు ప్రాంతములలోను ఇట్టి యెఱ్ఱకప్పు గలదు. హైదరాబాదు గ్రానైటు తీరు వేఱు. దానిలో బెజ్జములు మిక్కిలి తక్కువ. నీరు పగుళ్లవెంట మాత్రమే దిగి మూలలను దినివేయుటచే, ఒకదానిపై నొకటి పేర్చినట్లు గుండ్రని బండలు మిగిలినవి.

బుకానను 1802లో నేపాళమునకు బోయెను. 1807 మొదలు 1814 వఱకు బంగాళా, బీహారు జిల్లాలు దిరిగెను. పిమ్మట కలకత్తా వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. కాని 1815లో స్వదేశమునకు బయలుదేరినపుడు, ఏండ్ల తరబడి తాను వ్రాయించిన వృక్షముల చిత్రములను ఇచ్చటనే విడిచిపోవలసినదని గవర్నరు జనరలు ఆజ్ఞాపించెను. సర్కారు సొమ్ముతో వ్రాయించినవి సర్కారువే యన్న న్యాయము కొంత యున్నను, అది కఠినమని మా యభిప్రాయము. అయినను ఆయన కలము మానక, 1822లో గంగానది చేపలను గూర్చిన గ్రంథము వెలువరించెను. తల్లివైపు ఆస్తి సంక్రమించుటచే హామిల్టనను పేరు దాల్చి, 1829లో మరణించెను.

భారత భూగర్భ పరిశోధనశాఖవారు 1979లో అంగాడిపురమున ఆ రాతికిని, దానికి బేరిడినవానికిని గుర్తుగా ఫలకము నెలకొల్పిరి.