ఫ్రిస్కో మైదానం వెనుక ఉన్న మనిషి

డల్లాస్ దగ్గర మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డల్లాస్ మ్యాచ్‌లకు పిల్లల్ని తీసుకెళ్తుంటాం. ఆ జట్టు వెనుక ఉన్న పేరు లామర్ హంట్.

1932లో ఆర్కన్సాలో ఒక చమురు వ్యాపారి ఇంట పుట్టారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు దక్కకపోవడంతో ఏకంగా వేరే లీగే పెట్టారు. ఈ రెండు లీగ్‌ల విజేతలు 1967లో తొలిసారి తలపడ్డారు. తన పిల్లలు ఆడుకునే సూపర్ బాల్ గుర్తొచ్చి, ఆ పోటీకి సూపర్ బౌల్ అనే పేరు సూచించింది ఆయనే.

అదే ఏడాది సాకర్‌లోకీ దిగారు. ఆయన జట్టు డల్లాస్ టొర్నాడో 1971లో లీగ్ గెలిచింది. కానీ నష్టాలు మిగిలాయి. 1984 సీజన్ తర్వాత ఆ లీగే మూతపడింది. ఇంకొకరైతే చేతులు దులిపేసుకునేవారు. ఆయన 1996లో ఎంఎల్‌ఎస్ మొదలైనప్పుడు మళ్లీ పెట్టుబడి పెట్టారు. 1999లో కొలంబస్‌లో సాకర్ కోసమే స్టేడియం కట్టించారు. 2003లో డల్లాస్ జట్టునూ తీసుకున్నారు.

ఇంగ్లండ్‌లో లీగ్ విజేతకు, కప్పు విజేతకు మధ్య ఏటా కమ్యూనిటీ షీల్డ్ జరుగుతుంది. అమెరికా సాకర్‌లో అలాంటి పోటీ స్థిరపడలేదు. అయితే ఇక్కడ లీగ్‌ను నిలబెట్టిన వాళ్లలో హంట్ ఒకరు. 1914 నుంచి ఉన్న ఓపెన్ కప్‌కు 1999లో ఆయన పేరే పెట్టారు.

2006 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. పదేళ్లకు, 2016లో, ఆయన పేరున్న ఆ కప్పును ఎఫ్‌సీ డల్లాస్ ఫ్రిస్కోలోనే గెలిచింది.