నాదాన్ని కొలిచిన మహనీయుడు హెల్మ్‌హోల్ట్జ్

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలో కార్లకు సౌండు బాక్సులు కట్టే పనివారిని మన విద్యార్థులు చూసే ఉంటారు. దళసరి చెక్కతో పెట్టె చేసి, అందులో పెద్ద స్పీకరు బిగించి, ప్రక్కన రంధ్రం తొలిచి ఒక గొట్టం అమరుస్తారు. పెట్టె ఎంత ఉండాలి, గొట్టం ఎంత ఉండాలి అన్నది వారి చేతికి అలవాటుగా వచ్చిన విద్య. ఆ విద్య వెనుక ఉన్న ప్రకృతి ధర్మాన్ని లోకానికి తేటపరచిన మహనీయుడు అటువంటి స్పీకర్లు వాడుకలోకి రాకముందే కన్నుమూశారు. ఆయనే హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. విద్యార్థి లోకానికి ఆదర్శప్రాయమైన ఆయన జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా వివరించదలచాము.

హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న ప్రష్యా రాజ్యంలోని పోట్స్‌డామ్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఇంట విద్య ఉన్నది కాని ధనం లేదు. బాల్యంలో ఆయన తరచు అనారోగ్యంతో మంచం పట్టేవారు. పొంతన లేని విషయాలను కంఠస్థం చేయడం ఆయనకు కష్టంగా ఉండేది. మనసంతా భౌతికశాస్త్రం మీదనే. అయితే ఆ చదువు చెప్పించే స్తోమత తండ్రికి లేదు. సైనిక వైద్యులను తయారుచేసే బెర్లిన్ విద్యాలయంలో ఫీజులు లేవు. చదువు ముగిశాక ఎనిమిదేళ్ళు సైన్యంలో వైద్యుడుగా పనిచేయాలన్నది షరతు. 1838లో ఆయన ఆ షరతుకు అంగీకరించి అందులో చేరారు. కోరిన చదువు ఒకటి, దొరికిన చదువు మరొకటి.

విద్యార్థి దశలో ఆయనకు విషజ్వరం సోకింది. వైద్య విద్యార్థి అయినందున ఆసుపత్రిలో ఖర్చు లేకుండా చికిత్స జరిగింది. ఆ రోజుల్లో మిగిలిన కొద్దిపాటి భృతితో ఆయన ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నారు. అది మేలైన పరికరం కాకపోయినా, దానితో చేసిన నరాల పరిశీలనే 1842లో ఆయనకు డాక్టరు పట్టం తెచ్చిపెట్టింది. పిమ్మట పోట్స్‌డామ్ సైనిక శిబిరంలో వైద్యుడుగా ఉంటూనే ప్రయోగాలు సాగించారు. శక్తి నశించదు, రూపం మాత్రమే మార్చుకుంటుందనే సిద్ధాంతాన్ని 1847లో గణితబద్ధంగా నిరూపించారు. ఆనాటి ప్రముఖ శాస్త్ర పత్రిక ఆ వ్యాసాన్ని స్వీకరించలేదు. ఆయన నిరుత్సాహపడక దానిని చిన్న పుస్తకంగా వెలువరించారు. ఆయన ప్రతిభను గుర్తించిన ప్రభుత్వం 1848లో, గడువు తీరకముందే, సైనిక సేవ నుండి విముక్తి కలిగించింది.

1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. కప్ప నరంలో సంకేతం సెకనుకు ఇంచుమించు 30 మీటర్ల వేగంతో పోతుందని కొలిచి చూపారు. 1851లో, సజీవుడైన మనిషి కంటి లోపలి పొరను చూడగల ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరాన్ని ప్రకటించారు. నేటికీ కంటి వైద్యులు ఆ సూత్రంపై నడిచే పరికరాలను వాడుతున్నారు. విధి లేక చేరిన వైద్యవిద్య ఆయన భౌతికశాస్త్రానికి అడ్డు కాలేదు సరికదా, కన్ను, చెవి, నరం అనే కొత్త క్షేత్రాలను ఆయన ముందు పరచింది.

1858లో ఆయన హైడెల్‌బర్గ్ చేరారు. మరుసటి ఏడు భార్య మరణించారు. పసిబిడ్డల భారంతో, దుఃఖంతో గడిచిన ఆ సంవత్సరాలలోనే నాదం మీద ఆయన పరిశోధన పరిపక్వమైంది. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్కటిగా గాజుతోను, ఇత్తడితోను బోలు గోళాలు చేయించారు. గోళానికి ఒక వైపు శబ్దం ప్రవేశించే రంధ్రం, మరొక వైపు చెవికి ఆనించుకునే సన్నని కొన. అనేక స్వరాలు కలిసిన ధ్వనిలో తనకు సరిపోయిన స్వరం ఉంటేనే ఆ గోళం మ్రోగుతుంది. ఈ సాధనంతో ఆయన మనిషి పలికే అచ్చులను సైతం విడదీసి చూపారు. 1863లో ప్రచురించిన స్వరజ్ఞాన గ్రంథం ఆ కృషికి ఫలం.

సన్న మెడగల ఖాళీ సీసా అంచున గాలి ఊదితే ఒక స్వరం పలుకుతుంది. కొంత నీరు పోసి ఊదితే స్వరం హెచ్చుతుంది. మెడలోని గాలి బరువులాగా, లోపలి గాలి స్ప్రింగులాగా పనిచేసి ముందుకు వెనుకకు ఊగడమే దీనికి కారణం. మన కొల్లేటిని తలచుకుంటే పోలిక కుదురుతుంది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రాన్ని చేరుతుంది. సరస్సు విస్తీర్ణం, ఉప్పుటేరు వెడల్పు, దాని పొడవు - ఈ మూడింటిని బట్టి నీరు తీసే కాలం ఉంటుంది. సౌండు బాక్సులోనూ పెట్టె ఘనపరిమాణం, గొట్టం వైశాల్యం, గొట్టం పొడవు అనే మూడే స్వరాన్ని నిర్ణయిస్తాయి. పెట్టె పెరిగినా, గొట్టం పొడవు పెరిగినా స్వరం తగ్గుతుంది. గొట్టం వెడల్పయితే స్వరం హెచ్చుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. లోపల 50 లీటర్ల గాలి పట్టే పెట్టెకు 4 అంగుళాల గొట్టం 22 లేక 23 సెంటీమీటర్ల పొడవున అమర్చితే అది ఇంచుమించు 40 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. రెండు కొసల వద్ద ఉన్న కొంత గాలి కూడా కలిసి ఊగడం వల్ల ఆ గొట్టం 30 సెంటీమీటర్ల గొట్టంలా ప్రవర్తిస్తుంది. అదే గొట్టంతో పెట్టెను రెట్టింపు చేస్తే స్వరం 28 హెర్ట్జ్‌కు దిగుతుంది. స్పీకరు, గొట్టం ఆక్రమించిన చోటును లెక్కలో తీసివేయాలి. శ్రుతి కుదిరిన స్వరం వద్ద స్పీకరు కాగితం కదలిక తగ్గి, గొట్టంలోని గాలియే అధికంగా పనిచేస్తుంది. అంతకన్నా బాగా దిగువ స్వరాలలో స్పీకరుకు గాలి ఆసరా ఉండదు. అది హద్దు మీరి ఊగి చెడిపోగలదు. గొట్టం మరీ ఇరుకైతే గాలి బుసకొడుతుంది. ఈ పెట్టె విధానానికి అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందారు. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, తరువాత రిచర్డ్ స్మాల్ దాని లెక్కలను స్థిరపరిచారు.

హెల్మ్‌హోల్ట్జ్ ప్రభావం మన దేశానికీ చేరింది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సర్ సి.వి.రామన్ తన మనసును తీర్చిదిద్దిన గ్రంథాలలో ఆయన స్వరగ్రంథాన్ని ఒకటిగా పేర్కొన్నారు. మృదంగానికీ తబలాకూ నడుమ పూసే నల్లని మందు, ఉర్దూలో స్యాహీ అనబడేది, ఆ వాద్యాలకు స్వరశుద్ధిని ఎట్లా ఇస్తుందో 1920లో రామన్ ప్రకటించారు.

1871లో హెల్మ్‌హోల్ట్జ్ బెర్లిన్‌లో భౌతికశాస్త్రాచార్య పదవిని అధిష్ఠించారు. యాభయ్యవ ఏట గాని చిన్ననాటి కోరిక పూర్తిగా నెరవేరలేదు. అక్కడ ఆయనకు ప్రియశిష్యుడు హైన్రిచ్ హెర్ట్జ్. విద్యుత్ తరంగాలను కనుగొన్న ఆ యువకుడు 1894 జనవరి 1న, 36 ఏళ్ళకే మరణించాడు. శిష్యుని చివరి గ్రంథానికి వృద్ధ గురువు పీఠిక వ్రాయవలసి వచ్చింది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 8న గురువు కూడా దివంగతులయ్యారు. నేడు ప్రతి సౌండు బాక్సు శ్రుతినీ శిష్యుని పేరిట గల కొలతతో, గురువు చూపిన ధర్మంతో లెక్కిస్తున్నారు.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఒకటి ఉన్నది. మన కళాశాలలో ఎందరో విద్యార్థుల చదువును అభిరుచి కాదు, ఇంటి ఆదాయం నిర్ణయిస్తున్నది. అట్టివారు దొరికిన చదువును శిక్షగా భావించరాదు. హెల్మ్‌హోల్ట్జ్ వలె దానిలోనుంచే తమ దారిని తీసుకోవచ్చు. అయితే ఆయనకు ఫీజు లేని చదువు దొరికింది, చేతిలో ఒక పరికరం ఉన్నది అన్న సంగతిని పెద్దలూ మరువరాదు. పేద విద్యార్థికి వేతన సహాయం, ప్రయోగశాలలో చేతితో తాకి చేయదగిన పరికరాలు కల్పించవలసినదిగా కళాశాల కమిటీ వారికి మనవి చేస్తున్నాము. నాలుగు సీసాలు, కొంత గొట్టం, ఒక శ్రుతిదండం ఉన్నా పాఠం మొదలుపెట్టవచ్చు. బజారులో పెట్టె కట్టే పనివాని అనుభవమూ, తరగతిలోని సూత్రమూ ఒకచోట కలిసిన నాడు, మన ప్రాంతంలోనూ ఒక హెల్మ్‌హోల్ట్జ్ ఉదయించగలడని మా విశ్వాసం.