ఎల్లా షెపర్డు

పాఠశాలలు రాతితోడను సున్నముతోడను నిర్మింపబడుట యందఱెఱిగినదే. పాటలచే నిర్మింపబడిన విద్యామందిరము కూడ లోకమున నొకటి కలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాష్విల్లు పట్టణమునందలి ఫిస్కు విశ్వవిద్యాలయపు జూబిలీ హాలు. దానికై దేశదేశములు తిరిగి పాడిన విద్యార్థి బృందమునకు ప్రాణమై నిలిచినది ఎల్లా షెపర్డు. ఆమె చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినదని తలంచి యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఎల్లా 1851వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో నాష్విల్లునందు బానిసగా జన్మించెను. తన మాటలను చేష్టలను తనకు చెప్పునట్లు యజమానురాలు ఆ పసిదానికే నేర్పుచున్నదని తెలిసి, తల్లి దుఃఖము పట్టజాలక, బిడ్డతోకూడ నదిలో పడి మరణింప నిశ్చయించెను. ఒక వృద్ధురాలు అడ్డుపడి, ఆ బిడ్డకు దేవుడు గొప్ప పని నియమించియున్నాడని నచ్చజెప్పి మరలించెను. అంతకుమునుపే స్వేచ్ఛను కొనుక్కొనియున్న తండ్రి 350 డాలర్లిచ్చి కుమార్తెను విడిపించెను. తల్లిని మాత్రము విడిపింపజాలకపోయెను. ఆమెను మిస్సిసిపీ రాష్ట్రమునకు గొనిపోయిరి.

తండ్రి అప్పులపాలై బిడ్డతో సిన్సినాటి పట్టణము చేరెను. అచట ఒక తెల్లజాతి ఉపాధ్యాయిని ఎల్లాకు సంగీతము చెప్పుటకు సమ్మతించెను. కాని రాత్రివేళ, వెనుక ద్వారమున, ఎవరికిని తెలియకుండ రావలెనని నియమము. ఎల్లా అట్లే వెళ్లి పండ్రెండు పాఠములు నేర్చెను. 1866లో తండ్రి కలరాచే మరణించెను. ఆమె చిన్న బడిలో పాఠములు చెప్పి, ఆఱు డాలర్లు కూడబెట్టి, 1868లో ఫిస్కు పాఠశాలలో ప్రవేశించెను. కొలదికాలమునకే అచట సంగీతోపాధ్యాయినియు నయ్యెను.

దాస్యవిముక్తులైనవారి విద్యకై 1866లో తెఱువబడిన ఆ పాఠశాల పాత సైనిక వైద్యశాల కొట్టములలో నడుచుచుండెను. కొట్టములు శిథిలమగుచుండెను, అప్పులు పెరుగుచుండెను. కోశాధికారియు సంగీతాచార్యుడునైన జార్జి వైటు దొర తొమ్మండుగురు విద్యార్థులతో 1871 అక్టోబరు 6వ తేదీన పాటకచ్చేరీలకై బయలుదేరెను. ఆ తొమ్మండుగురిలో ఎల్లా యొకతె. పియానో వాయించుటయు, తోడివారిచే అభ్యాసము చేయించుటయు ఆమె పని.

ఆదిలో వారికి రొక్కమును లేదు, ఆదరమును లేదు. అనేక వసతిగృహములలో నల్లజాతివారికి చోటీయరైరి. అయినను సిన్సినాటిలో వచ్చిన సుమారు 50 డాలర్లను చికాగో అగ్నిప్రమాద బాధితులకు దానము చేసిరి. తమ పెద్దలు దాస్యములో పాడుకొనిన భక్తిగీతములను పరుల యెదుట పాడుట వారికి మొదట సమ్మతము గాదు; అవి కన్నీటితో పుట్టిన పాటలు. కాని వానిని వినినవెంటనే సభలు కరిగిపోవుచుండెను. కొలంబసు నగరమున వైటు దొర బృందమునకు జూబిలీ గాయకులని పేరిడెను. 1872 వసంతకాలమునకు 20,000 డాలర్లు చేకూరెను.

పాడువారు మాత్రము ఎల్లకాలము వారే యుండలేదు. గ్రీను ఎవాన్సు, ఎలైజా వాకరు తొలి యాత్ర పిమ్మట విరమించిరి. మేబెలు లూయీసు, జార్జియా గోర్డను, జూలియా జాక్సను, ఎడ్మండు వాట్కిన్సు చేరి, 1873లో పదునొకండుగురు ఇంగ్లాండునకు వెళ్లిరి. విక్టోరియా రాణి వారి గానమును వినెను. ఆ యాత్రలో సుమారు 50,000 డాలర్లు లభించెను. ఐజాకు డికర్సను స్కాట్లండున చదువుకొనుటకు నిలిచిపోయెను. మిన్నీ టేటు ఆరోగ్యము చెడెను. బెంజమిను హోమ్సు క్షయరోగమున మృతినొందెను. 1875లో ఫ్రెడరికు లౌడిను మొదలగువారు చేరిరి. ఒక కంఠము పోయి మఱియొకటి చేరినపుడెల్ల గానమును మరల మొదటినుండి కుదుర్పవలసియుండును. ఎవరి స్వరము హెచ్చి వినబడినను మేళనము చెడును. క్రొత్తవారికి పాత పాటల నేర్పి, వారి గొంతులను ఇతరుల గొంతులతో కలుపు భారము ఎల్లాపై బడెను. వైటు దొర భార్య 1874లో గ్లాస్గోలో మరణించి, ఆయనయు రోగపీడితుడైనపుడు ఆ భారము రెట్టింపయ్యెను. తానును తఱచు జబ్బుపడుచునే ఆమె దానిని మోసెను.

1876 జనవరి 1వ తేదీన జూబిలీ హాలు ప్రతిష్ఠింపబడినపుడు బృందము సముద్రమునకావల పాడుచునే యుండెను. 1878లో జర్మనీదేశపు హాంబర్గున ఆ బృందము విడిపోయెను. పిదప లౌడిను నాయకత్వమున ఏర్పడిన మఱియొక బృందము 1884 మొదలు ఆఱేండ్లు లోకము చుట్టి, మన దేశమునకు వచ్చి తాజమహలులో గూడ పాడెను.

అంతర్యుద్ధానంతరము ఎల్లా తల్లిని వెదకి కనుగొని, నాష్విల్లునకు రప్పించి, ఇల్లు కట్టించి పోషించెను. 1882లో జార్జి మూరు అను బోధకుని వివాహమాడెను. మరణపర్యంతము తన జాతివారి మేలునకై పాటుపడుచు, ఫిస్కు విద్యార్థులకు పూర్వగీతములను నేర్పుచుండెను.

పాటగాండ్రు మాఱిరి, పాట నిలిచినది. జూబిలీ గాయకులను పేర ఫిస్కు విద్యార్థులు నేటికిని పాడుచున్నారు. ఏటేట మన పాఠశాలనుండియు కొందఱు వెడలుదురు, కొందఱు చేరుదురు. వచ్చినవారికి ఓర్పుతో నేర్పువారొకరున్నయెడల ఏ మంచి పనియు ఆగిపోదు. అట్టివారు మన విద్యార్థులలోను బయలుదేరుదురుగాక యని కోరుచున్నాము.