చూపునిచ్చే చేతులను తీర్చిదిద్దిన శివారెడ్డి
శిబిరాలనే బడిగా మలచిన నేత్రవైద్యుడు

పాతబస్తీ: లాడ్‌బజార్‌లో లక్క గాజులకు రాళ్లు అద్దే పనివారికి, జర్దోజీ చట్రం ముందు కూర్చునే కార్మికులకు చూపే జీవనాధారం. వయసు మీదపడి కంటికి 'మోతియాబింద్' కమ్మితే పని ఆగిపోతుంది, ఇల్లు గడవడం భారమవుతుంది. అటువంటి నిరుపేదలకు మూసీ దాటితే కనిపించే ఆశాదీపం మెహిదీపట్నం దారిలో, హుమాయూన్‌నగర్‌లో ఉన్న సరోజినీదేవి కంటి ఆస్పత్రి. ఆ ఆస్పత్రి పేరు వినగానే పాత తరానికి గుర్తుకు వచ్చే వ్యక్తి డాక్టర్ పెరుగు శివారెడ్డి.

శివారెడ్డి 1920లో కర్నూలు జిల్లాలో జన్మించారు. అప్పటికి ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో అంతర్భాగం. వైద్యవిద్య పూర్తిచేసి నేత్రచికిత్సను ఎంచుకున్న ఆయన, అనంతరం హైదరాబాద్‌లో స్థిరపడి సరోజినీదేవి ఆస్పత్రికి సూపరింటెండెంట్‌గా బాధ్యతలు నిర్వహించారు. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఈ ఆస్పత్రి చికిత్సాలయమే గాక విద్యాలయం కూడా. కంటి వైద్యులు కాదలచిన విద్యార్థులు ఇక్కడే కత్తి పట్టడం నేర్చుకుంటారు.

పాఠశాలే వార్డు

శుక్లానికి మందు లేదు. కంటిలోని సహజ కటకం మసకబారితే శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. అయితే ఆ రోజుల్లో పల్లెవాసికి పట్నం రావడమే గగనం. తోడు వచ్చేవారి కూలి పోతుంది, బస్సు చార్జీలకు అప్పు చేయవలసి వస్తుంది. అందుకే ఆస్పత్రినే ఊరికి తరలించే పద్ధతి వచ్చింది. శివారెడ్డి రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాలలో వందల సంఖ్యలో ఉచిత నేత్ర శిబిరాలు నిర్వహించారు.

శిబిరాలలో పాఠశాల గదులో, సత్రాలో వార్డులయ్యేవి. భోజన సదుపాయాన్ని స్థానిక దాతలు, స్వచ్ఛంద సేవకులు చూసుకునేవారు. ఖర్చు తగ్గడంలోని కిటుకు ఇదే. నాటి పద్ధతిలో మసకబారిన కటకాన్ని పొరతో సహా బయటకు తీసేవారు. రోగి కంటికి కట్టుతో కొన్ని రోజులు కదలకుండా పడుకోవలసి వచ్చేది. గాయం మానిన తరువాత దళసరి కళ్లద్దాలు ఇచ్చేవారు. అవి లేకపోతే చూపు తిరిగి వచ్చినా లోకం అలికినట్టే కనిపించేది.

ఒక్క చేయి చాలదు

వరుసగా వందల మంది బారులు తీరితే ఒక్క వైద్యుని చేయి ఎంత నేర్పరిదైనా చాలదు. అందువల్ల శిబిరాలు యువ వైద్యులకు బడులయ్యాయి. రోగిని పరీక్షించడం, రక్తపోటు, మధుమేహం చూడడం, కంటి పక్కన మత్తు సూది వేయడం, కుట్లు వేయడం.. ఇలా మెట్టు మెట్టుగా నేర్చిన తరువాతనే పూర్తి శస్త్రచికిత్స చేతికి వస్తుంది.

ఇందులో ఒక ధర్మసంకటం దాగి ఉంది. పేదవాని కన్ను కొత్త వైద్యుని అభ్యాసానికి పనిముట్టు కారాదు. చేయి వణికితే పోయేది ఒక కుటుంబం అన్నం. పరికరాల శుద్ధిలో పొరపాటు జరిగితే ఒక్క రోజులోనే ఎందరో చూపు కోల్పోవచ్చు. అనుభవజ్ఞుడు పక్కనే ఉండి చేయించే శిక్షణ ఒక్కటే దీనికి విరుగుడు. బోధనాస్పత్రిని నడిపే వ్యక్తే శిబిరాలకు సారథ్యం వహించడంలోని ప్రాముఖ్యం అక్కడే ఉంది.

శివారెడ్డి కృషి శుక్లాలతో ఆగలేదు. కంటిపాప పైపొర దెబ్బతిన్నవారికి మరణించినవారి కన్నే ఆధారం. అందుకోసం 1964లో హైదరాబాద్‌లో టి.ఎల్.కపాడియా నేత్రనిధి ఏర్పాటుకు ఆయన పూనుకున్నారు. నేత్రదానం అనే మాటే ప్రజలకు కొత్తగా ఉన్న కాలమది. కేంద్ర ప్రభుత్వం ఆయనను 1971లో పద్మశ్రీతో, 1977లో పద్మభూషణ్‌తో సత్కరించింది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ప్రారంభమయ్యే నాటికే ఆయన శిబిరాల బాటలో ఎంతో దూరం నడిచి ఉన్నారు.

మారిన పద్ధతి.. మారని అవసరం

అనంతర కాలంలో చికిత్స రూపురేఖలే మారిపోయాయి. లండన్‌లో 1949లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి అమర్చిన కృత్రిమ కటకం, 1992లో మదురైలో ఆరోల్యాబ్ తయారీ మొదలుపెట్టిన పిదప మన పేదలకూ అందుబాటులోకి వచ్చింది. కుట్లు అవసరం లేని చిన్న కోత పద్ధతి వచ్చింది. దళసరి అద్దాలు కనుమరుగయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలలో 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పథకం తరువాత శిబిరాలలో పరీక్షలు మాత్రమే జరిపి, శస్త్రచికిత్సకు ఆస్పత్రికి తరలించే విధానం బలపడింది. ఇన్‌ఫెక్షన్ల భయం దీనితో తగ్గింది.

డాక్టర్ శివారెడ్డి 2005లో కన్నుమూశారు. ఒక వైద్యుడు జీవితకాలంలో చేయగల శస్త్రచికిత్సలకు లెక్క ఉంటుంది. ఆయన వద్ద నేర్చినవారు, వారి వద్ద మరికొందరు నేర్చి చేసే చికిత్సలకు లెక్క లేదు. ఈనాటికీ తెల్లవారగానే పాతబస్తీ వృద్ధులు మనవల చేయి పట్టుకుని హుమాయూన్‌నగర్ బాట పడుతూనే ఉన్నారు. వారికి కావలసింది ఖరీదైన యంత్రం కన్నా ముందు, నేర్పు గల ఒక చేయి.