రససిద్ధ నాగార్జునుడు – లోహవిద్య

పాన్‌గల్ సీమకు తూర్పున కృష్ణాతీరమునగల శ్రీశైలమే ప్రాచీన గ్రంథములలోని శ్రీపర్వతమని పలువురి మతము. రససిద్ధ నాగార్జునుని గాథలు ఆ పర్వతముతో ముడివడియున్నవి. మాధ్యమిక దర్శనాచార్యుడైన నాగార్జునుడు క్రీ.శ. 2వ శతాబ్దివాడు. రసవాది నాగార్జునుడు సోమనాథము చెంతనున్న దైహక దుర్గమువాడనియు, తనకు సుమారు నూరేండ్లు పూర్వుడనియు అల్‌బిరూనీ 1030 ప్రాంతమున వ్రాసెను. నామసామ్యముచే ఇరువురి చరితములు కలిసిపోయినవి.

సిద్ధుని పేర వెలసిన ‘రసరత్నాకరము’న యశదఖనిజమైన రసకమును ఉన్ని, లక్క, కరక్కాయ, వెలిగారములతో కలిపి, మూతగల మూసలో కాల్చి, తగరమును బోలు సత్త్వమును రాబట్టు విధి కలదు. మూత ఆవశ్యకమగుటకు కారణము లోహబంధమే. లోహపరమాణువులు తమ బాహ్య ఎలక్ట్రానులను ఉమ్మడి సొత్తుగా విడిచి, వానిచేతనే కట్టుబడియుండును. మెఱుపు, సాగుగుణము, విద్యుద్వాహకత్వము అందువలననే కలుగును. యశదమున ఈ బంధము దుర్బలమగుటచే అది 907 డిగ్రీల సెంటీగ్రేడునకే ఆవిరియగును. మూత లేనిచో గాలి సోకి భస్మమగును.

అగ్ని ఈ బంధమును సడలింపగలదు. 79 ప్రోటానులుగల స్వర్ణకేంద్రకమును మాత్రము నిర్మింపజాలదు. అందుచే సిద్ధుని సువర్ణసిద్ధి గాథగా మిగిలెను. యశదసత్త్వవిధి శాస్త్రముగా నిలిచెను.