ప్రథమ చికిత్స పాఠం చెప్పిన డాక్టర్ ఎస్మార్క్

పోలీసు ట్రైనింగులో మాకు లాఠీ డ్రిల్లుతో పాటు త్రికోణపు గుడ్డతో కట్టు కట్టడం కూడా నేర్పారు. ఆ గుడ్డ వాడకాన్ని ప్రచారం చేసిన వారిలో ఒక జర్మన్ డాక్టరు ముఖ్యులని రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను.

ఫ్రెడరిక్ ఎస్మార్క్ గారు 1823లో ఉత్తర జర్మనీలోని టోనింగ్‌లో జన్మించారు. కీల్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స ఆచార్యులు. యుద్ధాలలో క్షతగాత్రులకు వైద్యం చేశారు. పక్కనున్న సిపాయే కట్టు కట్టగలిగేలా, కట్టే తీరు బొమ్మలను ఆ గుడ్డమీదనే అచ్చు వేయించారు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! చదువు రానివాడికీ పనికొస్తుంది. రాజకుమార్తెను పెళ్లాడారు గానీ, ఆ వైభవం మనకు అక్కరలేదు.

1881లో లండన్ వెళ్లినప్పుడు సెంట్ జాన్ అంబులెన్స్ వారి ప్రథమ చికిత్స తరగతులు చూశారు. అక్కడ పోలీసులూ నేర్చుకునేవారు. మరుసటి ఏడే కీల్‌లో అలాంటి పాఠశాల పెట్టారు. డాక్టరు కానివారికి ఈ విద్య ఏమిటని కొందరు వైద్యులు అభ్యంతరం చెప్పారు. డాక్టరు వచ్చేదాకా ప్రాణం నిలపడానికే తప్ప వైద్యం చేయడానికి కాదని ఆయన వాదన. 1908లో కీల్‌లోనే కన్నుమూశారు.

మన వేములపల్లి మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పోతుంది; సాగర్ ఎడమ కాలువా ఉంది. ప్రమాదం జరిగితే చాలాసార్లు ముందుగా చేరేది పోలీసే. రక్తం ధారకట్టేవాడికి ఆ కొద్ది నిమిషాలే ఆయుష్షు. 2023లో తెలంగాణ పోలీసులకు సి.పి.ఆర్. కూడా నేర్పారు. మన ఇళ్లలోనూ ఉతికిన పాత పంచె ముక్క ఒకటి సిద్ధంగా ఉంచుకుందాం. గాయంమీద దాన్ని గట్టిగా అదిమి పట్టి, ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించాలి.