కాటన్ వేసిన రైలుదారి

చెన్నై రైలు మ్యూజియంలో పాత ఆవిరి ఇంజన్లను, రైలు నమూనాలను పిల్లలు ఆసక్తితో చూస్తారు. ఈ నగరానికి, మన దేశానికి కూడా తొలి రైలుదారిని వేసినవాడు సర్ ఆర్థర్ కాటన్. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆయనే.

కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించాడు. 1821లో మద్రాసుకు వచ్చి, సైనిక ఇంజనీరుగా పనిచేశాడు. ఆ రోజుల్లో మద్రాసు రోడ్లకు రెడ్‌హిల్స్ నుంచి ఎర్రరాయి తేవలసి వచ్చేది. బండ్లపై అంత బరువు మోయించడం కష్టం. అందుకని కాటన్ అక్కడి నుంచి పట్టాల దారి వేయించాడు. 1837లో దానిపై రాళ్ల బండ్లు నడిచాయి. గుండ్రంగా తిరిగే కొత్త రకం ఆవిరి యంత్రాన్ని కూడా అక్కడ ప్రయోగించి చూశారు. కాని ఎక్కువగా బండ్లను లాగినవి పశువులే. కొన్నేళ్లకే ఆ మార్గం మూతపడింది.

ఆ తరువాత కాటన్ గోదావరి తీరానికి వెళ్లాడు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ప్రారంభించి, 1852 నాటికి పూర్తి చేయించాడు. కరవుతో అలమటించిన నేల పచ్చబడింది. రైళ్లకన్న కాలువలే మేలని ఆయన చివరివరకు వాదించాడు. కాలువ పొలానికి నీరిస్తుంది, పడవకు దారీ ఇస్తుంది. అయినా ప్రభుత్వం రైళ్లకే ఎక్కువ ధనం వెచ్చించింది.

కాటన్ 1899లో మరణించాడు. ఆయన వేసిన పట్టాల దారి ఏనాడో ముగిసిపోయింది. ఆయన తవ్వించిన కాలువల్లో మాత్రం గోదావరి నేటికీ పారుతోంది.